మొదటి కార్డు ఇచ్చేదాకా

చిలకలగూడ, సికింద్రాబాద్
8 జూన్ 2025

మా బంగారుతల్లి మాధురికి,

మావయ్య ఆశీస్సులు. ఈ ఉత్తరం చేతికి రాగానే ముందు కుర్చీలో కూర్చో. పుణెలో వానలు మొదలయ్యాయా, నీ దగ్గు తగ్గిందా అన్నవన్నీ తర్వాత అడుగుతాను. నా దగ్గర అంత పెద్ద కబురుంది!

మన వీరరాఘవ ప్రింటర్స్‌లోకి యాప్ వచ్చిందే! పెళ్లికార్డులు చేసే యాప్. ఇన్నాళ్లూ నేనూ, మన డీటీపీ ఆపరేటర్ సువార్తా ఒక్కో కార్డుతో రోజంతా కుస్తీ పట్టేవాళ్లమా? ఇప్పుడు పెళ్లివాళ్లిచ్చిన మ్యాటర్, అదే, పేర్లూ ముహూర్తమూ పిలిచేవాళ్ల ఫోన్ నంబర్లూ అన్నీ అందులో పడేసి, టీ తాగి వచ్చేలోగా డిజైన్లు తయారు! వినాయకుడు తొండం కూడా ఊపుతాడు. చూస్తూ నేను కూడా తల ఊపాను. పైగా ఉచితం.

సువార్త మాత్రం మూతి ముడిచింది. "ఊకెనే ఎందుకిస్తుండ్రు సార్? మనమంటే గంత ప్రేమేంది వాళ్లకు?" అంది. ఆవిడకి ఏదీ ఓ పట్టాన నచ్చదు, నీకు తెలుసుగా.

మీ అమ్మ నా నోట్లో నువ్వుగింజ నానదని చుట్టాలందరికీ చాటింది. ఇంటి సంగతుల్లో ఒప్పుకుంటాను. అక్క ఎదురుగా కూర్చుని కళ్లలోకి చూస్తే నేను ఏదీ దాచలేను. కానీ షాపు సంగతి వేరు. మొదటి కార్డుకి నాలుగు మూలలా పసుపు పెట్టి దేవుడి దగ్గర ఉంచేదాకా పెళ్లి మాట బయటికి పొక్కకూడదు. ఆ తర్వాత ఇంటి పెద్దకి, ఆ తర్వాతే ఊరికి. మరి అచ్చువేసేవాడికి తెలియకుండా ఎలా? ఈ చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్లయినా దేవుడి కంటే ముందు నాకే తెలుస్తుందే అమ్మాయ్! ఇన్నేళ్లలో ఒక్క మాట నా గడప దాటలేదు. నా షాపుకి మెషిన్ల కంటే అదే పెద్ద ఆస్తి.

నీ పెళ్లికార్డు కోసం దాచిన చేతికాగితం, అదే, మిల్లుది కాకుండా చేత్తో చేసిన కాగితం, బీరువా అడుగున అలాగే పడి ఉంది. దానికి మోక్షం ఎప్పుడో నువ్వే చెప్పాలి. అక్క రోజూ నా ప్రాణం తీస్తోంది.

కాగితం తళతళలాడుతోందని ఆశ్చర్యపోకు. ఎప్పటిలాగే చెడిపోయిన కార్డుల వెనక రాస్తున్నాను. ఫోన్లో అయితే నువ్వు "ఓకే మావయ్యా" అని తేల్చేస్తావు. నాకు ఉత్తరమే కావాలి.

యాప్ ఉన్న మావయ్య,
హేమచంద్ర


పుణె
15 జూన్ 2025

మావయ్యా,

దగ్గు తగ్గింది, వాన తగ్గలేదు. కిటికీ పక్కన ఆరేసిన దుపట్టా మూడు రోజులుగా ఆరనంటోంది.

మీ సంతోషం చూస్తే నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. ఒక్క ప్రశ్న అడుగుతాను, కోప్పడకండి. ఆ యాప్‌లో మీరు వేసిన పేర్లూ నంబర్లూ ఎక్కడికి వెళ్తున్నాయి? మీ కంప్యూటర్లో ఉండవు. వాళ్ల కంప్యూటర్లోకి పోతాయి. మొదట్లో షరతులని ఒక పొడుగాటి పేజీ వచ్చి ఉంటుంది. చదివారా? సువార్తగారు అడిగింది వంద శాతం సరైన ప్రశ్న. ఆవిడకి నా తరఫున ఒక బజ్జీ ఎక్కువ తినిపించండి.

నేను ఆఫీసు పని అయ్యాక చేసే పని గురించి చెప్పానుగా. పేజీలు కూర్చే ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్‌ని మేం కొంతమందిమి కలిసి తెలుగులోకి తెస్తున్నాం. అందులో సీతాఫల్‌మండి నుంచి లక్ష్మణ్ అని ఒకతను ఉన్నాడు. రాత్రింబవళ్లు అదే లోకం. మీ షాపు పక్కనే అన్నమాట. మీరు సరే అంటే ఆ ప్రోగ్రామ్ మీ కంప్యూటర్లో పెట్టిస్తాను. అంతదాకా ఆ యాప్‌లో ఎవరి మ్యాటరూ వేయకండి మావయ్యా, ప్లీజ్.

చేతికాగితం గురించి అడిగారు. అది మంచి కాగితం, ఇంకొన్నాళ్లు చెక్కుచెదరదు.

మీ
మాధురి


చిలకలగూడ
21 జూన్ 2025

మాధురీ,

షరతులు చదివానా అని అడుగుతావా! ఈ భూమ్మీద ఎవరైనా చదివారటే? కింద "ఒప్పుకుంటున్నాను" అని ఉంది. నొక్కాను. రైలెక్కేటప్పుడు టికెట్ వెనక ఉన్నదంతా చదివి ఎక్కుతామా?

మీ చదువుకున్నవాళ్లతో ఇదే చిక్కు. మావయ్యకి ఒక కొత్త వస్తువు దొరికి నాలుగు రోజులు కులాసాగా ఉంటే ఓర్వలేరు. నువ్వు చెప్పే ఆ ఓపెన్ ఏమిటి? పేరులోనే బార్లా తెరిచి ఉంది. తాళం గట్టిదో కాదో చూసుకోమంటూనే, తలుపు ఊడదీసి వీధిలో పెట్టమంటున్నావు. మీ సీతాఫల్‌మండి లక్ష్మణ్‌కి నమస్కారం చెప్పు. మా షాపుకి తలుపులు కావాలి.

అన్నట్టు, పక్క సందులో స్టీలు సామాన్ల కొట్టు భద్రయ్య లేడూ? చిన్నప్పుడు నిన్ను బిందెలో కూర్చోబెట్టి తూకం వేశాడే, ఆయనే. వాళ్ల అమ్మాయి ఊర్మిళకి శ్రావణంలో పెళ్లి! ఎవరికీ చెప్పకు. వాళ్లన్నయ్యకి కూడా ఇంకా చెప్పలేదు. మొదటి కార్డు గుళ్లో పెట్టి, రెండోది పట్టుకుని భార్యాభర్తలిద్దరూ అన్నగారింటికి వెళ్లి పిలవాలట. నోటిమాటగా చెబితే ఆయనకి చిన్నతనం. ఆ కార్డు యాప్‌లోనే చేశాను. నెమలి పురి విప్పుతుంది. భద్రయ్య నోరు తెరుచుకుని చూశాడు.

కోపం లేదు. ఉన్నా నీ మీద నిలవదు.

మావయ్య


చిలకలగూడ
3 జులై 2025

తల్లీ,

నీ జవాబు కోసం ఆగకుండా రాస్తున్నాను. కొంప మునిగిందే!

పొద్దున షట్టర్ ఎత్తేసరికి భద్రయ్య నిలబడి ఉన్నాడు. రోజూ కొట్టు తెరవకముందు నా దగ్గరికి వచ్చి టీ తాగుతాడుగా, అలాగే వచ్చాడనుకున్నాను. మొహం చూస్తే మాడిపోయి ఉంది.

"ఏందీ హేమచంద్రా, గిట్ల చేస్తివి?" అన్నాడు.

"ఏం చేశానయ్యా?"

"నేను కార్డు వట్టుకొని పోకముందే మా అన్నకు ఎవడో కేటరింగోడు ఫోన్ కొట్టిండు. మీ ఇంట్ల పెండ్లంట గదా, భోజనాలు మాకియ్యుండ్రి అన్నడంట. ఎనకనే డెకరేషనోడు, వాని ఎనక బ్యాండోడు. మా అన్న ఏమన్నడో ఎరికేనా? నీ బిడ్డ పెండ్లి సంగతి నాకు కేటరింగోడు చెప్పాల్నారా అని ఫోన్ పెట్టేసిండు. నువ్వు గాక ఇంకెవలికి తెలుసు?"

కార్డు మీద పిలిచే పెద్దగా అన్నగారి పేరూ నంబరూ ఉన్నాయి. ఆ నంబరు నా షాపులో తప్ప ఇంకెక్కడా ఇవ్వలేదు. "నేనెవరికీ చెప్పలేదు భద్రయ్యా, మా అమ్మ తోడు" అన్నాను. "మరి నా పెండ్లాం చెప్పిందా?" అన్నాడు. మ్యాటర్ కాగితం తీసుకుని వెళ్లిపోయాడు. టీ అలాగే ఉండిపోయింది.

సాయంత్రానికి ఇంకో ఇద్దరు వచ్చారు. వాళ్లకీ ఫోన్లే. ఒకావిడ అయితే "మీరు నంబర్లు అమ్ముకుంటున్నారట కదా" అని అందరి ముందూ అంది. నన్ను, మాధురీ! సువార్త అడ్డం పడి, "సార్ గసుంటి మనిషి కాదమ్మా" అంది కానీ ఆవిడ వినిపించుకోలేదు.

ఇది యాప్ పనే కదూ? దొంగ వెధవలు! నా ఇల్లు దోచుకోవడానికి నేనే వేలు పెట్టి నొక్కి తాళం తీశానన్నమాట. నువ్వు ముందే చెప్పావు. ఆ మాట ఇప్పుడు అనకు. అంటే ఏడుస్తాను.

నాకు గిరాకీ పోతుందన్న బాధ కంటే, భద్రయ్య నేనే చెప్పాననుకుంటున్నాడే, అది మింగుడుపడటం లేదు. ఏం చేయమంటావు?

మావయ్య


పుణె
9 జులై 2025

మావయ్యా,

అనను. ఎప్పటికీ అనను. ముందు కాస్త మజ్జిగ తాగండి.

ఆ యాప్ షరతులు నేను మొత్తం చదివాను. మధ్యలో ఎక్కడో, ఎవరి కంటా పడనిచోట, "మీరిచ్చిన వివరాలను మా వ్యాపార భాగస్వాములతో పంచుకుంటాము" అని రాసి ఉంది. ఆ భాగస్వాములే కేటరింగూ డెకరేషనూ బ్యాండూ. ఉచితం అంటే అదీ. సువార్తగారికి ఫోన్ చేసి మీ ఖాతా తీసేయించాను, వివరాలన్నీ చెరిపేయమని మెయిల్ పెట్టించాను. ఆ పేజీ అచ్చు తీసి దీంతో పంపుతున్నాను. భద్రయ్యగారికి చూపించండి.

ఇక మన ఓపెన్ సంగతి. మావయ్యా, అత్తయ్య వాకిట్లో ముగ్గు వేస్తుంది. ఎన్ని చుక్కలు, ఏ చుక్క నుంచి ఏ చుక్కకి గీత అన్నది వీధిన పోయే ప్రతివాళ్లూ చూడొచ్చు. పక్కింటావిడ నేర్చుకోవచ్చు, ఇంకో వరస చుక్కలు కలపొచ్చు. ముగ్గు అందరిదీ. అంతమాత్రాన మన బీరువాలో ఏముందో వీధికి తెలిసిపోతుందా? ఓపెన్ సోర్స్ అంటే ముగ్గు. ప్రోగ్రామ్ ఎలా నడుస్తుందో తెరిచి ఉంటుంది కాబట్టి, అది దొంగచాటుగా పేర్లు ఎక్కడికైనా పంపుతోందా అని ఎవరైనా వెతికి పట్టుకోవచ్చు. మీ పెళ్లివాళ్ల పేర్లు మాత్రం మీ కంప్యూటర్లోనే ఉంటాయి. నెట్ తీగ పీకేసినా పని నడుస్తుంది. లక్ష్మణ్‌ని పంపుతున్నాను. కాస్త మంచిగా మాట్లాడండి. అతనికి మొహమాటం ఎక్కువ.

ఇంకొక్క మాట. ఇది రాయాలా వద్దా అని చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. మీ ఉత్తరం వెనక్కి తిప్పి చూశాను మావయ్యా. ఊర్మిళ పెళ్లికార్డు. పేర్లు, ముహూర్తం, ఊరు, భద్రయ్యగారి అన్నయ్య ఫోన్ నంబరుతో సహా. రంగు కాస్త అటూ ఇటూ అయిందని పక్కన పడేసిన ప్రూఫ్ అయి ఉంటుంది. మీరు యాప్‌ని తిట్టిందంతా ఆ కార్డు వెనకే రాశారు.

నేను హాస్టల్లో ఉన్నప్పటి నుంచీ మీ ఉత్తరాల వెనక సికింద్రాబాద్ పెళ్లిళ్లన్నీ చదువుతూనే ఉన్నాను. మా రూమ్మేట్లు కూడా చదివేవాళ్లు. అంతెందుకు, స్టేషన్ దగ్గర బజ్జీల బండివాడు పొట్లాలు కట్టేది ఏ కాగితాల్లో?

కోపం వస్తే రెండు తిట్లు రాసి పంపండి. తెల్ల కాగితం మీద.

మీ
మాధురి


చిలకలగూడ
18 జులై 2025

మాధురికి,

తెల్ల కాగితమే. తిప్పి చూసుకో.

నీ ఉత్తరం చదివి అరగంట సేపు మాట్లాడలేదు. నేను అరగంట మాట్లాడకపోతే సువార్త భయపడి మంచినీళ్లు తెచ్చింది. తర్వాత చెప్పులేసుకుని బజ్జీల బండి దగ్గరికి పరిగెత్తాను. చిత్తు కాగితాల కట్టలు వాడికి నేనే కదా ఇచ్చేది! అక్కడ ఒకాయన మిరపకాయ బజ్జీ తింటున్నాడు. పొట్లం మీద వధువు పేరు నూనెలో మిలమిలా మెరుస్తోంది. నేను వేసిన కార్డు, ఇంకా పంచనిది! "అయ్యా, ఆ కాగితం ఇటివ్వండి" అన్నాను. ఆయన "బజ్జీ అయినంక తీసుకోండ్రి" అన్నాడు. నిలబడి అయ్యేదాకా ఆగాను. మిగిలిన కట్టంతా వెనక్కి తెచ్చేశాను. ఇప్పుడు షాపులో ప్రతి ప్రూఫూ ముక్కలు ముక్కలు చేస్తున్నాం. ఆ పని మాత్రం సువార్తకి భలే నచ్చింది.

ఇక మీ లక్ష్మణ్! బోనాల మర్నాడు, రోడ్లన్నీ ఇంకా పసుపూ వేపాకుగా ఉన్నప్పుడు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, తలుపు దగ్గరే నిలబడి "లోపలికి రావచ్చా సార్" అన్నాడు. షాపుకి వచ్చి అలా అడిగేవాణ్ణి ఇంతవరకూ చూడలేదు. పని అడిగితే "అయితది సార్", టీ అడిగితే "అయితది సార్". ఆ కంగారులో ఉస్మానియా బిస్కెట్లు ప్లేటు ఖాళీ చేశాడు, తనకి తెలియకుండానే.

"ఎంత తీసుకుంటావు బాబూ?" అంటే ఏమీ వద్దన్నాడు. ఉచితం అన్న మాట వింటేనే ఇప్పుడు నాకు ఒళ్లు మండిపోతోంది! గట్టిగా నిలదీశాను. మొహమాటం పక్కన పెట్టి మొదటిసారి తిన్నగా నా కళ్లలోకి చూశాడు. "గా యాప్ ఉచితమని చెప్పి మిమ్మల్ని అమ్ముకుంటది సార్. గిది మీ చేతికే ఇస్తది. ఎక్కడన్న గలత్ ఉంటే మీరు మాకు చెప్పాలె. గంతే, గదే మాకు కూలి" అన్నాడు. నెట్ తీగ పీకి నా చేతిలో పెట్టాడు. తీగ నా చేతిలో ఉండగానే కార్డు తయారైంది! నెమలి లేదు. కానీ ఒత్తులన్నీ ఎక్కడివక్కడ చక్కగా కూర్చున్నాయి. మెనూలన్నీ తెలుగులో ఉన్నాయే! నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

నేనూ ఒక గలత్ పట్టాను, అదే, తప్పు. ఆ ప్రోగ్రామ్‌లో పెళ్లికార్డు నమూనాలకి నాలుగు మూలలా పువ్వులు కిక్కిరిసి ఉన్నాయి. "పసుపు ఎక్కడ పెట్టాలయ్యా?" అన్నాను. అతను నోరెళ్లబెట్టి, వెంటనే రాసుకున్నాడు.

కుర్రాడు బుద్ధిమంతుడు, పెళ్లి కాలేదట. ఏ.ఎస్. రావు నగర్‌లో నాకు తెలిసినవాళ్ల అమ్మాయి ఉంది, బ్యాంకులో ఉద్యోగం. మాట కదపమంటావా? నువ్వు ఊ అంటే రేపే వెళ్తాను.

భద్రయ్యకి నువ్వు పంపిన పేజీ ఇంకా చూపించలేదు. ఎదురుపడ్డా తల తిప్పుకుంటున్నాడు. ధైర్యం కూడగట్టుకుంటున్నాను.

మావయ్య


పుణె
23 జులై 2025

మావయ్యా,

వద్దు! ఏ.ఎస్. రావు నగర్ వెళ్లొద్దు. బ్యాంకు అమ్మాయికి ఏమీ చెప్పొద్దు. అతను ఇప్పుడు చాలా పనిలో ఉన్నాడు. పైగా అతనికి బ్యాంకులంటే పడదు. అంటే, పడతాయి, కానీ వద్దు. నామీద ఒట్టు.

భద్రయ్యగారి దగ్గరికి మాత్రం ఈ రోజే వెళ్లండి. యాప్ సంగతీ, బజ్జీల సంగతీ, ప్రూఫ్ వెనక ఉత్తరం సంగతీ, మూడూ చెప్పేయండి. మొదటిది ఒక్కటే చెబితే ఎవరో దొంగలదే తప్పని తప్పించుకున్నట్టుంటుంది. ఆయన మీకు అంత పాత స్నేహితుడు.

లక్ష్మణ్ ఇంకేమన్నాడు? మళ్లీ వస్తానన్నాడా? మీకు నిజంగా నచ్చాడా, లేక పని చేసిపెట్టాడు కాబట్టి నచ్చాడా? ఉస్మానియా బిస్కెట్లు అతనికి అసలు ఇష్టం లేదు, తెలుసా. మరి ప్లేటు ఖాళీ చేశాడంటే ఎంత భయపడ్డాడో!

అత్తయ్యని ముగ్గు ఫోటో పంపమనండి.

మీ
మాధురి


చిలకలగూడ
1 ఆగస్టు 2025

అమ్మాయ్ మాధురీ!

జయం! ముందు ఆ మాట రాసి, తర్వాత మిగతాది.

నువ్వు చెప్పినట్టే వెళ్లాను. భద్రయ్య బిందెలు తుడుస్తున్నాడు. మూడు సంగతులూ చెప్పాను. యాప్ దగ్గర ఊరుకున్నాడు. ఉత్తరం దగ్గర కనుబొమలు ముడిచాడు. బజ్జీల దగ్గరికి వచ్చేసరికి చేతిలో బిందె పక్కన పెట్టేశాడు.

"అంటే మా ఊర్మిళ పేరు మీద మిర్చి బజ్జీ గట్టిండ్రా?" అన్నాడు.

"కట్టి ఉండొచ్చు భద్రయ్యా. తెలియదు."

"చదవకుండనే యాప్‌ల ఒప్పుకున్ననని నొక్కినవా?"

"నొక్కాను."

ఒక నిమిషం నా మొహం చూశాడు. "నీ అసుంటి అమాయకుడు ఈ లష్కర్‌ల, గీ సికింద్రాబాద్ మొత్తంల ఇంకొకడు లేడు పో" అని పెద్దగా నవ్వాడు. నేను కళ్లు తుడుచుకున్నాను. తర్వాత ఇద్దరం కలిసి వాళ్లన్నయ్య దగ్గరికి వెళ్లాం. ఆయన తలుపు తీసి నన్ను చూసి, "కేటరింగోడు వచ్చిండా?" అన్నాడు! నేను చేతులు జోడించి, "మీ తమ్ముడిది ఏం తప్పు లేదండీ, తప్పంతా నాది" అన్నాను. ఆయన, "కార్డు తెండ్రి. తెచ్చినంక మాట్లాడుకుందాం" అన్నాడు. ఆ కార్డు మన కొత్త ప్రోగ్రామ్‌లోనే చేశాం. మొదటిది గుళ్లో పెట్టి, రెండోది దంపతులిద్దరూ తీసుకెళ్తే, ఆయన కార్డు కళ్లకద్దుకుని తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాడట. మర్నాడు పొద్దున షట్టర్ ఎత్తేసరికి భద్రయ్య టీ కోసం నిలబడి ఉన్నాడు!

ఇంకో సంగతి, నువ్వు ఎగిరి గంతేస్తావు. లక్ష్మణ్ మళ్లీ వచ్చాడు. ఆ మూలల సంగతి వాళ్ల గుంపులో పెడితే అందరూ ఒప్పుకున్నారట. ఇప్పుడు ఆ నమూనాలన్నిటికీ నాలుగు మూలలూ ఖాళీ! ఎవరు దించుకున్నా సరే! కింద చిన్నగా "సూచన: హేమచంద్ర, చిలకలగూడ" అని ఉంది. సువార్త చేత రెండుసార్లు చదివించాను. భద్రయ్యని పిలిచి చూపించాను. నన్నూ ముగ్గులో ఒక చుక్కని చేశారే!

ఇంతకీ ఆ కుర్రాడి సంగతేమిటి? బ్యాంకు సంబంధం అనగానే ఒట్టు వేస్తావు. బిస్కెట్లు ఇష్టం లేదంటావు. నీకెలా తెలుసు? ఏమైనా అలవాట్లున్నాయా? అప్పులా? నిజం చెప్పు. మంచివాడని నేను ఊరంతా చెప్పుకుంటున్నాను. మధ్యలో నా పరువు పోతుంది.

చుక్క మావయ్య


పుణె
7 ఆగస్టు 2025

మావయ్యా,

నాలుగు మూలల గురించి లక్ష్మణ్ అప్పుడే చెప్పాడు. అయినా మీ ఉత్తరంలో చదివి నిజంగానే గంతేశాను. కింద ఇంటివాళ్లు పైకి వచ్చారు.

అతనికి అలవాట్లూ లేవు, అప్పులూ లేవు. ఒక సంగతి మాత్రం ఉంది. అది మీకు రాయలేను, ఫోన్లో చెప్పలేను. పద్నాలుగో తేదీన లక్ష్మణ్ ఒక పెన్‌డ్రైవ్ తెచ్చి ఇస్తాడు. అందులో ఒకే ఒక్క ఫైలు, తాళం వేసి ఉంటుంది. తాళంచెవి అతని దగ్గర లేదు, ఈ ఉత్తరంలోనూ రాయను. నా చిన్నప్పుడు మీరు నన్ను ఏమని పిలిచేవారో, అదే. మీకు తప్ప ఎవరికీ తెలియదు.

సువార్తగారు లేనప్పుడు తెరవండి. మీరే కూర్చోండి. ఇరవై నాలుగో తేదీ ఆదివారం నేను వస్తున్నాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పొద్దు. ముఖ్యంగా అమ్మకి. మీరు అమ్మకి ఏదీ దాచలేరని నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను. ఈ మాట వేరే దారిలో అమ్మ చెవిన పడితే భద్రయ్యగారి అన్నయ్యకి తగిలినట్టే తగులుతుంది. నా నోటితో, ఎదురుగా కూర్చుని చెప్పాలి. మీరు నా పక్కన ఉండాలి.

నాకు చాలా భయంగా ఉంది మావయ్యా. సంతోషంగా కూడా ఉంది.

మీ
మాధురి


చిలకలగూడ
14 ఆగస్టు 2025

నా జున్నుముక్కకి,

చూశావా, తాళంచెవి మర్చిపోలేదు. ఇప్పుడు ఈ ఉత్తరంలో రాసేశాను, దీన్ని చించెయ్!

సువార్తని మందుల షాపుకి పంపాను. నాకు ఏ జబ్బూ లేకపోయినా ఏదో చెప్పాను. లక్ష్మణ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బిస్కెట్లు పెడితే ముట్టుకోలేదు. పెన్‌డ్రైవ్ ఇచ్చి, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఇతనికి ఏమైందా అనుకుంటూ అక్షరాలు వెతుక్కుంటూ టైపు చేశాను.

కార్డు తెరుచుకుంది. నాలుగు మూలలూ ఖాళీ. మధ్యలో చి.ల.సౌ. మాధురి. దాని కింద చి. లక్ష్మణ్. తేదీ లేదు, ముహూర్తం లేదు, పిలిచేవాళ్ల పేర్లు లేవు. అంతే!

నేను మళ్లీ చదివాను. తల తిప్పి అతన్ని చూశాను. బిస్కెట్ల కుర్రాడు! నేను బ్యాంకు సంబంధం చూడబోయిన కుర్రాడు! "సార్, జెర మంచినీళ్లు" అన్నాడు. "ముందు నాకివ్వవయ్యా" అన్నాను. ఇద్దరం ఒకే సీసాలోంచి తాగాం. తర్వాత లేచి అతన్ని వాటేసుకున్నాను. "సార్ ఏమిటి, మావయ్యా అను" అంటే, "అయితది సార్" అన్నాడు. ఇతనితో నువ్వెలా వేగుతావే?

అక్క ఏమంటుందోనని నీ బెంగ. వాళ్ల ఇల్లు వేరు, మాట వేరు, మన చుట్టాలు నాలుగు మాటలంటారు. అననీ. నువ్వు చెప్పేటప్పుడు నీ పక్క కుర్చీ నాది. అంతమందికి కార్డులు వేసినవాణ్ణి, మా అక్కని ఒప్పించలేనా? ఒప్పించలేకపోతే అక్కడే కూర్చుంటాను, ఒప్పుకునేదాకా.

చేతికాగితం బయటికి తీశాను. ఒకే ఒక్క కార్డు వేసి బీరువాలో పెట్టి తాళం వేశాను. ప్రూఫు తీయలేదు. పసుపు పెట్టలేదు. అది అక్క పెట్టాలి.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. అతను ఇంకా షాపులో ఉండగానే, కార్డు ఇంకా తెర మీద ఉండగానే, ఫోన్ మోగింది. ఎవరనుకున్నావు? అక్క!

"ఒరేయ్ హేమూ, మాధురి ఇరవై నాలుగున వస్తానంటోంది. పండగ కూడా కాదు. ఏమిటిరా సంగతి? నీకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తోందిగా, ఏమైనా చెప్పిందా?"

నాలుక చివరన రెండు పేర్లూ తయారుగా ఉన్నాయి. ఎదురుగా ఆ కుర్రాడు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. నా మొహం అక్కకి కనిపించనందుకు దేవుడికి దండం పెట్టుకుని, "నాకేం తెలుసక్కా! ఇక్కడి వంట తినాలనిపించిందేమో" అన్నాను.

అక్క నవ్వేసింది. "అవునులే, నీకు తెలిస్తే ఈపాటికి నాకు చెప్పేసి ఉండేవాడివి" అని ఫోన్ పెట్టేసింది.

దేవుడి కంటే ముందు తెలిసిన నీ మేనమామ,
హేమచంద్ర